వంట సర్టిఫికెట్టు ఉంటే ఏమొస్తుంది?
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో మా సంఘం తరపున చేసిన ప్రసంగ పాఠం)



పోయిన ఏడు నివేదికలో మా సంఘం గురించి ఒక్క వాక్యమే వేశారు. ఐదుగురు సభ్యులు వంట శిక్షణ పూర్తి చేసి సర్టిఫికెట్లు అందుకున్నారు అని. అది చదివిన దగ్గర్నుంచి బ్యాంకు దగ్గర, రేషను దగ్గర, పెళ్ళిళ్ళలో కనపడిన వాళ్ళందరూ ఒకటే అడుగుతున్నారు. "వంటకి సర్టిఫికెట్టేంటమ్మా? అది ఉంటే ఏమొస్తుంది?" అని. విడివిడిగా చెప్పీ చెప్పీ అలిసిపోయాం. అందుకే అధ్యక్షురాలు గారు మాట్లాడమనగానే ఒప్పేసుకున్నాం.

మా సంఘంలో 11 మందిమి. అందులో ముగ్గురం బళ్ళో మధ్యాహ్న భోజనం వండుతాం. ఇద్దరు పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ వంట మేస్త్రి వెనకాల సాయానికి వెళ్ళేవాళ్ళు. సాయమంటే మీకు తెలుసు. తెల్లవారుజామున మూడింటికి లేచి గాడిపొయ్యి అంటించడం దగ్గర్నుంచి ఉల్లిపాయలు తరగడం, కొబ్బరి కోరడం, పనసకాయ పొట్టు కొట్టడం, ఆఖర్న గుండిగలు తోమడం దాకా. మేస్త్రి వచ్చి తాలింపు వేసి ఉప్పు చూసి వెళ్తాడు. వంట ఆయనదైపోతుంది. మనకి రోజుకి 400 ఇచ్చేవారు. మేస్త్రికి ఎంతిచ్చేవారో మనకి చెప్పేవారు కాదు.

ఇది మన ఒక్క ఊళ్ళోనే కాదులెండి. బాగా వండితే నలభీమపాకం అంటారు. నలుడూ మగవాడే, భీముడూ మగవాడే. రోజూ మూడు పూటలా వండే వాళ్ళ పేరు ఒక్కటీ ఆ మాటలోకి రాలేదు.

శిక్షణ సంగతి గ్రామ సంఘం మీటింగులో సీసీ గారు చెప్పారు. జిల్లాలో ఉచితంగా వంట శిక్షణ, ముప్పై రోజులు, ఉండటానికి చోటు, భోజనం వాళ్ళదే, చివర్లో పరీక్ష పెట్టి సర్టిఫికెట్టు ఇస్తారు అన్నారు. మీటింగులో అందరూ నవ్వారు. మా సంఘంలో అందరికంటే పెద్దావిడ, మేం పెద్దమ్మా అని పిలుస్తాం, ఆవిడైతే మొహం మీదే అడిగేసింది. "మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారు జీవితమంతా వచ్చిన వాళ్ళందరికీ అన్నం పెట్టింది. ఆవిడకి ఎవరిచ్చారే సర్టిఫికెట్టు?" అని. సీతమ్మ గారు 1909లో పోయారు. ఈ రోజుకీ గోదావరి జిల్లాల్లో ఆవిడ పేరు తలవని వాళ్ళు లేరు. ఇప్పుడు మేం బళ్ళో వండే భోజన పథకానికి ఆవిడ పేరే పెట్టారు. కాబట్టి పెద్దమ్మ ప్రశ్నకి అప్పుడు మా దగ్గర జవాబు లేదు.

అయినా ఐదుగురం పేర్లిచ్చాం. బళ్ళో పని మానడానికి కుదరదు కాబట్టి వేసవి సెలవుల్లో పెట్టిన బ్యాచికి వెళ్ళాం. ఇళ్ళల్లో జరిగిన గొడవ అంతా ఇక్కడ చెప్పం. ఒకరింట్లో అయితే "వంట రాకుండానే ఇన్నేళ్ళు కాపురం చేశావా" అని ఎగతాళి. పిల్లల్ని మిగిలిన ఆరుగురు సభ్యులు వంతులు వేసుకుని చూశారు. నెలరోజుల కూలి పోతుంది కదా, అందుకని తలా 3,000 సంఘం నుంచి అంతర్గత అప్పు తీర్మానం చేసుకున్నాం. శిక్షణ ఉచితమే, కానీ ఇల్లు నెల రోజులు ఉచితంగా నడవదు. ఈ సంగతి వెళ్ళదలచుకున్న వాళ్ళు ముందే చూసుకోవాలి.

మొదటి రోజు పులిహోర చెయ్యమన్నారు. అది మాకు నిద్రలో లేపినా వస్తుంది. చేశాం, అందరూ తిన్నారు, బాగుందన్నారు. అప్పుడు శిక్షణ ఇచ్చే మేడం పలక దగ్గరకి వెళ్ళి ఇలా అడిగారు.

"ఉప్పు ఎంత వేశారు?"
"తగినంత అండి."
"తగినంత అంటే?"
"రుచికి సరిపడా."
"నూరు మందికి రేపు మీరు రాకపోతే, ఇంకొకరు చెయ్యాలంటే ఎంత వెయ్యాలి?"

ఐదుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మర్నాటి నుంచి ప్రతి చేతి కొలతనీ తూకం మీద పెట్టించారు. గుప్పెడు, చిటికెడు, పిడికెడు, గరిటెడు, నిమ్మకాయంత చింతపండు, అన్నీ. తమాషా ఏంటంటే మా ఐదుగురి గుప్పెళ్ళూ ఐదు రకాలు. చివరికి మా పులిహోర కార్డు మీద కిలో బియ్యానికి చింతపండు 120 గ్రాములు, ఉప్పు 40 గ్రాములు అని రాసుకున్నాం. ఇప్పుడు మాలో ఎవరు చేసినా ఒకే రుచి వస్తుంది. పదికిలోలు చేసినా అంతే. ఒక్క నీళ్ళ విషయంలో మాత్రం పదింతలు లెక్క పనికిరాదు. గుండిగ పెద్దదైన కొద్దీ ఆవిరి పోయే వంతు తగ్గుతుంది, కాబట్టి ఎసరు తగ్గించుకోవాలి. అది చేతికి తెలుసు, కానీ ఎందుకో అప్పుడు తెలిసింది.

బళ్ళో వండే ముగ్గురికీ ఈ లెక్క కొంచెం అలవాటే. ప్రైమరీ పిల్లలకి తలకి బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5 గ్రాములు అని లెక్క ఉంది కదా. మిగతా వాళ్ళకంటే వాళ్ళు త్వరగా అందుకున్నారు. మధ్యాహ్న భోజనం వాళ్ళంటే అందరికీ చులకన. అక్కడ మాత్రం మేడం వాళ్ళనే ముందు నిలబెట్టారు.

రెండోది వేడి. మాకో చిన్న థర్మామీటరు ఇచ్చారు, జ్వరానిది కాదు, సూదిలా ఉండి వంటకంలో గుచ్చేది. వండిన పదార్థం వేడిగా ఉంచితే 60 డిగ్రీల పైన ఉండాలి, చల్లగా ఉంచితే 5 డిగ్రీల లోపు ఉండాలి. ఈ రెండింటి మధ్యలో క్రిములు పెరుగుతాయి. అన్నంలో ఉండే ఒక రకం క్రిమి విత్తనాలు వండినా చావవు. అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోతే అవి పెరిగి విషం వదులుతాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. పెళ్ళిళ్ళలో రాత్రి మిగిలిన అన్నంతో పొద్దున్న పులిహోర కలపడం మనం చాలా చోట్ల చూశాం. ఇక చెయ్యకండి.

ఇది వచ్చి పెద్దమ్మకి చెప్తే ఆవిడ ఊరుకుంటుందా? "చద్దన్నం తిని పెరిగాం, మాకేం కాలేదే" అంది. దానికి మాకు అక్కడే జవాబు దొరికింది. ఇంట్లో నలుగురికి మిగిలిన గుప్పెడు అన్నం త్వరగా చల్లారుతుంది, మజ్జిగ పోస్తే పులుస్తుంది, పులుపులో ఆ క్రిమి అంతగా పెరగదు. మూడొందల మంది కోసం వండి గుండిగలో మూత పెట్టిన అన్నం అలా కాదు, నడిమధ్యలో తెల్లారే దాకా వెచ్చగానే ఉంటుంది. మిగిలితే వెడల్పు పళ్ళేల్లో పల్చగా పరిచి చల్లార్చి ఫ్రిజ్జులో పెట్టాలి, లేదా ఎవరికన్నా వేడిగా ఉండగానే పెట్టెయ్యాలి. పెద్దమ్మ ఆలోచించి "ఇది నిజమే" అంది. ఆవిడ నోట నిజమే అన్న మాట రావడం మా సంఘం చరిత్రలో తక్కువ.

ఇంకా చాలా నేర్పారు. పచ్చి మాంసానికి ఎర్ర పలక, చేపకి నీలం పలక, కూరగాయలకి వేరే పలక. ముందు తెచ్చిన సరుకు ముందు వాడటం. నూనె పదే పదే కాచకూడదని, దానికి ప్రభుత్వం హద్దు పెట్టిందని, హద్దు దాటిన నూనె కొనుక్కుని డీజిల్ తయారు చేసేవాళ్ళు ఉన్నారని. ఫ్రెంచి వాళ్ళ సాసులు ఐదు రకాలు కూడా చేయించారు. పాలల్లో మైదా, వెన్న వేసి ఉడికించే సాసు పేరు మాలో ఒకావిడకి చివరి రోజు దాకా నోరు తిరగలేదు. అవి మన దగ్గర ఎవరూ అడగరు. కానీ పరీక్షలో అడుగుతారు కాబట్టి నేర్చుకున్నాం.

పరీక్షకి బయట నుంచి ఒకాయన వచ్చారు. మాలో ఇద్దరికి చదవడం సరిగ్గా రాదు. వాళ్ళని నోటితో, తెలుగులోనే అడిగారు. చదువు రాదని భయపడే అక్కలు ఈ మాట గుర్తుపెట్టుకోండి. వంట పరీక్ష మూడు గంటలు. ఒకావిడ కంగారులో మొదటిసారి తప్పింది, రెండోసారి రాసి పాసయింది. మా ఐదుగురిలో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చింది మా చిన్న చెల్లెలికి. ఆ అమ్మాయి సంగతి తర్వాత చెప్తాం.

పెద్దమ్మకి వయసు దాటిపోయిందని శిక్షణకి తీసుకోలేదు. మాకందరికీ వంట నేర్పిన మనిషికి కాగితం లేదు, మాకుంది. అది మాకే సిగ్గుగా అనిపించింది. తర్వాత సీసీ గారు కనుక్కుని చెప్పారు, పని ముందే వచ్చిన వాళ్ళకి అనుభవాన్ని పరీక్షించి ఇచ్చే సర్టిఫికెట్టు వేరే ఉందని. నెల రోజుల శిక్షణ అక్కర్లేదు, కొద్ది రోజుల తరగతి, తర్వాత పరీక్ష. పెద్దమ్మ వెళ్ళింది. పరీక్ష పెట్టినాయనకి ఆవపెట్టిన పనసపొట్టు కూర ఎలా చెయ్యాలో ఎదురు నేర్పి వచ్చింది. అలా ఆరుగురమయ్యాం.

ఇక డబ్బు సంగతి. మొదటి ఆర్డరు 200 మందికి, ప్లేటు 140 చొప్పున 28,000. సరుకులకి 15,400, గ్యాసుకి 3,800, సామాను అద్దె, ఆటో 2,300, గిన్నెలు తోమే ఇద్దరికి 1,000. మొత్తం 22,500 పోయి 5,500 మిగిలింది. తలా 900 తీసుకుని వంద సంఘంలో జమ చేశాం. 400 నుంచి 900 అంటే సంతోషమే. కానీ కాగితం మీద లెక్క వేసి చూస్తే నూటికి 55 రూపాయలు సరుకులకే పోతోంది. అంత పోతే నిలబడలేరని శిక్షణలో చెప్పారు. ఎక్కడ పోతోందని వెతికాం. కాలీఫ్లవర్ కిలో కొంటే ఆకులూ కాడలూ పోగా ఒక్కోసారి ఆరు వందల గ్రాములు కూడా మిగలదు. మనం మాత్రం కిలోకి కిలో లెక్క కడుతున్నాం. తరువాతి ఆర్డరుకి తరిగాక మిగిలే తూకం ప్రకారం లెక్కగట్టి, సరుకు హోల్‌సేల్లో తెచ్చి, ప్లేటు 170 చెప్పాం. అదీ 200 మందికే, 34,000 వచ్చింది. ఖర్చు 22,100. మిగిలింది 11,900. తలా 1,900, సంఘానికి 500.

170 అనగానే వాళ్ళు బేరమాడారు. "ఆడవాళ్ళేగా, కాస్త తగ్గించండి" అన్నారు. ఆడవాళ్ళం అయితే నూనె తక్కువకి వస్తుందా అండి? మేం గట్టిగా ఏమీ అనలేదు. లెక్క కాగితం ముందు పెట్టాం. ఏ ఐటెం తీసేస్తే ఎంత తగ్గుతుందో అందులోనే ఉంది. బూరెలు తీసేస్తే ఇంత, రెండో కూర తీసేస్తే ఇంత. చూసి, ఏమీ తియ్యొద్దు, 170కే చెయ్యండి అన్నారు. సర్టిఫికెట్టుతో వచ్చిన వాటిలో మాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. వంట మాకు ముందే వచ్చు. ధర చెప్పడం రాదు.

ఇప్పుడు మా చిన్న చెల్లెలి సంగతి. ఇది చెప్పాలా వద్దా అని సంఘంలో రెండు మీటింగులు మాట్లాడుకున్నాం. ఆ అమ్మాయే చెప్పమంది.

పక్క ఊరి నుంచి ఒక పెద్ద ఇంటి గృహప్రవేశానికి 400 మందికి ఆర్డరు వచ్చింది. అప్పటిదాకా మాకు వచ్చిన వాటిలో అదే పెద్దది. ధర కుదిరింది, మెనూ కుదిరింది. లేచి వెళ్తూ ఆయన అడిగారు. "మీలో పేట అమ్మాయి ఒకత్తి ఉందట కదా. ఆ అమ్మాయి పొయ్యి దగ్గరకి రాకుండా బయట కూరగాయలు తరిగితే చాలులెండి. మాకేం పట్టింపు లేదు, పెద్దవాళ్ళున్నారు ఇంట్లో." మెత్తగానే అడిగారు. రేపు చెప్తామని పంపించాం.

ఆ రాత్రి మీటింగు పెట్టాం. ఉన్నదున్నట్టు చెప్తున్నాం, అందరం ఒకే మాట మీద లేము. బ్యాంకు లింకేజి వాయిదా దగ్గరకొచ్చింది, 20,000 దాకా మిగిలే ఆర్డరు. ఇద్దరు తీసుకుందామన్నారు. ఆ అమ్మాయి "నేను రానులే అక్కా, మీరెళ్ళండి, నాకేం బాధ లేదు" అంది. బాధ లేదని ఎవరికి తెలియదు? అప్పుడు పెద్దమ్మ అందరి సర్టిఫికెట్లూ తెమ్మంది. ఆవిడకి చదవడం రాదు. ఒక్కొక్కటీ ఏముందో చదివించుకుంది. పేరు, ఫొటో, ఏ పని నేర్చారో, వచ్చిన గ్రేడు. "ఏ పేటో ఉందా అందులో?" అంది. లేదన్నాం. "అయితే ఆయనకెందుకు చెప్తాం" అంది.

మినిట్స్ పుస్తకంలో ఇలా రాసుకున్నాం: వంటకు వెళ్తే పొయ్యి దగ్గర ఆరుగురం ఉంటాం, లేకపోతే ఎవ్వరం వెళ్ళం. పదకొండు మందీ సంతకాలు, వేలిముద్రలు వేశారు. తీసుకుందామన్న ఇద్దరు కూడా. మర్నాడు ఫోన్ చేసి చెప్పాం. ఆర్డరు పోయింది. ఆ నెల వాయిదా సంఘం పొదుపులోంచి సర్దుకున్నాం. ఆ ఇంటివాళ్ళు మళ్ళీ మా దగ్గరకి రాలేదు, వస్తారని కూడా మేం అనుకోవడం లేదు. వాళ్ళ వీధిలోనే ఇంకొకరు మూడు నెలల తర్వాత వచ్చి సీమంతానికి 150 మందికి చేయించుకున్నారు. వాళ్ళేమీ అడగలేదు. ఆ రోజు తాలింపు వేసింది మా చిన్న చెల్లెలే.

సర్టిఫికెట్టుతో రానివి కూడా చెప్పాలి కదా. బళ్ళో వండినందుకు మాకు నెలకు 3,000 గౌరవ వేతనమే. సర్టిఫికెట్టు ఉన్నా అంతే, లేకపోయినా అంతే. మాలో ఒకావిడకి పట్నంలో హోటల్లో ఉద్యోగం అన్నారు, రాత్రి పదకొండు దాటేదాకా ఉండాలన్నారు, ఇంటికొచ్చే బస్సు లేదు, వద్దనుకుంది. పెళ్ళిళ్ళ సీజను కాని నెలల్లో ఆర్డర్లు ఉండవు. ఆషాఢం, మూఢం వస్తే గుండిగలు బోర్లించుకోవడమే. ఆ నెలల్లో కరివేపాకు పొడి, కందిపొడి చేసి అమ్ముతున్నాం, అది ఇంకా నిలదొక్కుకోలేదు.

వెళ్ళదలచిన వాళ్ళకి కొన్ని మాటలు. లీడ్ బ్యాంకుల ఆధ్వర్యంలో నడిచే ఆర్‌సెటి శిక్షణలకి వయసు పరిమితి ఉంటుంది, ఫీజు లేదు, భోజనం, వసతి ఉంటాయి. ఎప్పుడు ఏ బ్యాచి ఉందో మీ సీసీని అడగండి. డబ్బు కడితే రెండ్రోజుల్లో సర్టిఫికెట్టు ఇస్తామని ఫోన్లు వస్తాయి, మాకూ వచ్చాయి. కట్టకండి. స్కిల్ ఇండియా సర్టిఫికెట్టు మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, ఫోన్‌తో చూస్తే మన వివరాలు రావాలి.

సర్టిఫికెట్టు వేరు, ఫుడ్ రిజిస్ట్రేషను వేరు. ఇది చాలామంది కలిపేసుకుంటున్నారు. మనిషికి వంట వచ్చని చెప్పేది సర్టిఫికెట్టు. ఆహారం అమ్మే వ్యాపారానికి ఉండాల్సింది ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషను. చిన్న వ్యాపారానికి ఫీజు తక్కువే, 14 అంకెల నంబరు ఇస్తారు. అది పొడుల ప్యాకెట్ల మీద కూడా వెయ్యాలి. ఇంటి సిలిండరు పట్టుకెళ్ళి ఆర్డర్లకి వండకండి, పట్టుకుంటే కేసు. 19 కిలోల కమర్షియల్ సిలిండరే వాడాలి, దాని ఖర్చు మొదట్నుంచే ప్లేటు ధరలో వేసుకోవాలి. సొంతంగా యూనిట్ పెట్టుకునే వాళ్ళకి పీఎంఈజీపీ కింద పల్లెల్లో ఆడవాళ్ళకి 35 శాతం సబ్సిడీ ఉంది, మన వాటా 5 శాతం పెట్టాలి. మేం ఇంకా దానికి వెళ్ళలేదు. మూడు సీజన్ల లెక్కలు చేతిలో ఉంటేగాని అంత అప్పు ఎత్తుకోకూడదని సంఘంలో అనుకున్నాం.

వచ్చే వేసవి బ్యాచికి మన మండలం నుంచి పేర్లు తీసుకుంటున్నారు. ఇవ్వదలచిన వాళ్ళు పంక్తి దగ్గర మా చిన్న చెల్లెల్ని కలవండి, పుస్తకం ఆ అమ్మాయి దగ్గరే ఉంది. ఇవాళ సభకి వంట మాదే. ఆనపకాయ పప్పు, గుత్తి వంకాయ, పులిహోర, మజ్జిగపులుసు. గంట దాటుతోంది, అన్నం 60 డిగ్రీల కిందకి దిగకముందే వడ్డించాలి. సెలవు.